విదేశీ సర్కారు కంపెనీలు కుమ్మక్కైతే: కాంపిటీషన్ కమిషన్ మేలా, సివిల్ కోర్టు మేలా?

మిర్యాలగూడ, దేవరకొండ వైపు ఎరువుల డీలర్లు, సహకార సంఘాల వాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. మనం వాడే పొటాష్ బయటి దేశాల నుంచే వస్తుంది, అమ్మేవాటిలో కొన్ని అక్కడి సర్కారు కంపెనీలు. అవి కూడబలుక్కుని ధర పెంచితే ఎక్కడికి పోవాలి, ఇలాంటి కుమ్మక్కులను విచారించే కాంపిటీషన్ కమిషన్‌కా, సివిల్ కోర్టుకా? ఇది గాలిలో పుట్టిన అనుమానం కాదు. బెలారస్ సర్కారు కంపెనీ బెలారుస్‌కాలీ, రష్యా ప్రైవేటు కంపెనీ ఉరాల్‌కాలీ కొన్నేళ్లు ఒకే అమ్మకపు సంస్థ ద్వారా సరుకు అమ్మాయి. 2013 జూలైలో అవి విడిపోయాక ప్రపంచ మార్కెట్లో పొటాష్ ధర పడిపోయింది.

నా లెక్కలో తేల్చేది ఒక్కటే: కేసు గడప దాటడానికి ఢిల్లీ (కేంద్ర ప్రభుత్వ) అనుమతి కావాలా, వద్దా?

సివిల్ కోర్టుకు పోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ 86వ సెక్షన్ అడ్డం నిలుస్తుంది. విదేశీ రాజ్యంపై దావా వేయాలంటే కేంద్ర ప్రభుత్వ కార్యదర్శి రాతపూర్వకంగా ధ్రువీకరించిన అనుమతి ముందే ఉండాలి. ఆ రాజ్యం ఆ కోర్టు పరిధిలో వ్యాపారం చేస్తుండటం, వేరే దేశపు కోర్టులో తనపై దావా వేయరాదన్న రక్షణను తానే వదులుకోవడం లాంటి నాలుగు కారణాల్లో ఏదో ఒకటి ఉంటేనే అది దొరుకుతుంది. సరుకు విశాఖలోనో కాకినాడలోనో దిగి, బిల్లు దిగుమతిదారు పేరు మీద ఉంటే, ఆ రాజ్యం నల్లగొండ కోర్టు పరిధిలో వ్యాపారం చేస్తోందని చూపడం కష్టం. డిక్రీ వచ్చినా ఆ రాజ్యం ఆస్తిని జప్తు చేయడానికి మళ్లీ అనుమతి కావాలి.

కంపెనీ వేరు, రాజ్యం వేరు కదా అంటారు. ఆ వాదన నిలవొచ్చు, నిలవకపోవచ్చు. తూర్పు జర్మనీ సర్కారు నౌకా సంస్థ కేసులో అనుమతి తప్పనిసరి అని సుప్రీంకోర్టు చెప్పింది. 2011లో ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ విషయంలో మాత్రం, వినియోగదారుల ఫోరంలో ఆ రక్షణ చెల్లదంది. పైగా కాంపిటీషన్ చట్టం 61వ సెక్షన్ ప్రకారం కమిషన్ తేల్చాల్సిన విషయాల్లో సివిల్ కోర్టు తలదూర్చకూడదు. అడ్వాన్సు కట్టినా సరుకు రాలేదు, నాణ్యత లేదు లాంటి ఒప్పందం తగాదాకే సివిల్ దావా.

అందుకే నా మొగ్గు కమిషన్ వైపు. 2002 నాటి ఆ చట్టంలో ఇలాంటి అనుమతి షరతు లేదు. 2(హెచ్) సెక్షన్ సర్కారు శాఖలను కూడా ‘సంస్థ’ కిందికే తెస్తుంది. సార్వభౌమ విధులకే, అంటే రాజ్యం మాత్రమే చేయగల పనులకే మినహాయింపు. 2023లో కోల్ ఇండియా తీర్పులో సుప్రీంకోర్టు సర్కారు కంపెనీకైనా ఈ చట్టం వర్తిస్తుందంది. అది మన సర్కారు కంపెనీ సంగతే, అయినా యజమాని ఎవరన్నది కాక చేసిన పని ఏమిటన్నది చూడాలనే వాదనకు బలమిస్తుంది. కుమ్మక్కు విదేశంలో జరిగినా దాని దెబ్బ ఇక్కడ తగిలితే 32వ సెక్షన్ చాలు.

రక్షణ వాదన కంపెనీ ఎత్తక మానదు. కాబట్టి ఫిర్యాదులోనే జాగ్రత్త పడాలి. ఆ దేశ ప్రభుత్వం ఎగుమతి కోటా పెట్టిందని రాస్తే కేసు అక్కడే చిక్కుతుంది, అది రాజ్యం చేసిన పని. కంపెనీ, దాని పోటీదారు ఒకే వారంలో ఒకే ధర కోట్ చేశాయని రాయండి, ఇన్వాయిసులు, ధరల లేఖలు, టెండర్ కొటేషన్లు తేదీల వరుసలో జతచేయండి. సర్కారు స్వయంగా ఆదేశించిందన్న మాట మీరు ఎత్తొద్దు, అది ఎదుటివాళ్లకు ఆయుధం. ఆ కంపెనీకి ఇక్కడున్న ఏజెంటు, దిగుమతిదారులకు ఇందులో పాత్ర ఉన్నట్టు కాగితాలుంటే వాళ్లనూ చేర్చండి. నోటీసు అందడానికి, జరిమానా వసూలుకు ఇక్కడి చిరునామా పనికొస్తుంది. యాభై కిలోల బస్తా మీద దిగుమతిదారు పేరు అచ్చువేసి ఉంటుంది, దాని ఫోటో కూడా పెట్టండి.

కమిషన్ దారిలో లోటు నష్టపరిహారమే. అక్కడ తప్పు తేలాకే పరిహారం కోసం అదే చట్టం 53ఎన్ సెక్షన్ కింద అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు పోవాలి. ఆలస్యం తప్పదు.

అమెరికా కోర్టు సంగతి క్లుప్తంగా: విదేశీ రాజ్యాల రక్షణపై అక్కడి 1976 చట్టం వ్యాపార కార్యకలాపాలకు రక్షణ ఇవ్వదు, కానీ అమెరికా సుప్రీంకోర్టు 2004 ఎంపగ్రాన్ తీర్పు తర్వాత మన దేశంలో మాత్రమే తగిలిన నష్టానికి అక్కడ దారి దాదాపు మూసుకుంది.

ఏ దారి పట్టినా కాగితాలు ఇప్పుడే పోగుచేయండి. కాంపిటీషన్ చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం కారణం పుట్టిన మూడేళ్లలోపు కమిషన్‌కు ఫిర్యాదు చేయాలి. ఆలస్యమైతే తగిన కారణం చూపాల్సి వస్తుంది.