ఫ్యాన్ లేని ఎన్‌100 పెట్టె: బెజవాడ ఎండలు దాటాక నా మాట

ఇంటెల్ ఎన్‌100 అనే తక్కువ కరెంటు తినే ప్రాసెసర్ ఉన్న, ఫ్యాన్ లేని మినీ పీసీని ఇంట్లో ఫోటోలూ పాటలూ బ్యాకప్‌లూ దాచే సర్వర్‌గా పెట్టుకుని చాలాకాలమైంది. కోర్లెన్ని, ర్యామ్ ఎంత అన్న వివరాలు అమ్మేవాళ్ల పేజీల్లోనే దొరుకుతాయి, వాటి జోలికి వెళ్లను. ఈ పెట్టెను కొన్నదీ, ఇప్పటికీ ఇష్టపడుతున్నదీ ఒక్క కారణానికే: అది నడుస్తున్నట్టు చెవికి తెలియదు.

మా ఫ్లాట్‌లో ఇంటర్నెట్ కేబుల్ వచ్చేది అమ్మ పడుకునే గదిలోకి. రౌటర్ అక్కడే, కాబట్టి సర్వర్ కూడా అక్కడే. ఇంతకుముందు ఆ పనికి పాత డెస్క్‌టాప్ ఉండేది. పగలంతా ఎవరూ పట్టించుకోరు గానీ, రాత్రి పదకొండు దాటి వీధిలో బళ్ల రొద తగ్గాక దాని ఫ్యాన్ హోరు గది నిండా వినిపించేది. అమ్మది కోడినిద్ర. "ఒరే, కాసేపు దాన్ని ఆపరా" అనేది. ఆపితే బ్యాకప్‌లు ఆగేవి, ఫోన్లలోంచి ఫోటోలు వచ్చేవి కావు. ఎన్‌100 వచ్చాక ఈ తంటా పూర్తిగా పోయింది. నాన్నగారు ఎప్పుడో టేప్‌రికార్డర్‌లో పట్టుకున్న హరికథల క్యాసెట్లను డిజిటల్‌లోకి మార్చి, సర్వర్‌లోని పాటలూ వీడియోలూ ఫోన్‌కు అందించే జెల్లీఫిన్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టాను. అమ్మ రాత్రిపూట ఫోన్‌లో సౌండ్ బాగా తగ్గించి వింటుంది. ఆ పాత రికార్డింగుల్లో కథకుడి గొంతు సన్నగా, దూరం నుంచి వస్తున్నట్టు ఉంటుంది. డెస్క్‌టాప్ నడుస్తున్న గదిలో అది వినపడేదే కాదు. ఇప్పుడు తాళం చిడతలు కూడా విడిగా తెలుస్తున్నాయంటుంది. నాకు ఇంతకంటే పెద్ద ఫీచర్ అక్కర్లేదు.

కరెంటు సంగతి. పెట్టె మీద 6 వాట్లని ఉంటుంది గానీ అది ప్రాసెసర్ లెక్క, గోడ దగ్గర లెక్క కాదు. ప్లగ్ మీటర్ పెట్టి చూస్తే ఒక ఎస్‌ఎస్‌డీతో (తిరిగే భాగాలు లేని స్టోరేజీ డ్రైవ్), పనేమీ లేనప్పుడు 9 వాట్ల చుట్టూ ఉంటుంది. పాత డెస్క్‌టాప్ ఖాళీగా ఉన్నప్పుడే 55 లాగేది. నెల మొత్తం చూస్తే దానికి 40 యూనిట్లు, దీనికి ఆరున్నర. మా మీటరు వేసవిలో 225 యూనిట్లు దాటుతుంది, ఆపైన యూనిట్ 8.75 రూపాయలు. అంటే నెలకు మూడు వందలకు కాస్త తక్కువ మిగులుతుంది. అయినా కేవలం బిల్లు కోసమైతే కొనమని చెప్పను. పెట్టె ఖరీదు తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది.

ఇక మే నెల.

ఆ రోజు సాయంత్రం అమ్మ ఫోన్ చేసి, "ఫోటోలు తెరుచుకోవట్లేదురా, గుండ్రంగా తిరుగుతోంది" అంది. ఆఫీసు నుంచి చూస్తే సర్వర్ పింగ్‌కి, అంటే నెట్‌వర్క్‌లో "ఉన్నావా" అన్న పిలుపుకి, పలుకుతోంది. లాగిన్ అవుదామంటే మాత్రం ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్. ఇంటికి వచ్చి బటన్ నొక్కి ఆపి మళ్లీ ఆన్ చేస్తే, ఏమీ జరగనట్టే లేచింది. రెండ్రోజులు బాగుంది. మూడో రోజు మధ్యాహ్నం మళ్లీ అదే. సర్వర్ తన పనులు రాసుకునే లాగ్‌లు తిరగేస్తే ఒక్క తప్పు కూడా కనిపించదు, మామూలు వరుసలు రాసుకుంటూ రాసుకుంటూ ఒక నిమిషం దగ్గర ఆగిపోయాయి. లాగ్ రాసుకునేది కూడా ఆ ఎస్‌ఎస్‌డీ మీదే కదా, అదే మాయమైతే ఇంకెక్కడ రాసుకుంటుంది! మరోసారి ఆగినప్పుడు రీస్టార్ట్ చేయకుండా టీవీకి తగిలించి తెర చూశాను. ఎన్‌వీఎంఈ కంట్రోలర్ (ఎస్‌ఎస్‌డీని నడిపే చిప్) డౌన్, రీసెట్ చేస్తున్నాను అన్న వరుస, దాని కింద ఫైల్ సిస్టమ్ రీడ్‌-ఓన్లీగా, అంటే ఇక ఏమీ రాయడానికి వీల్లేకుండా, మారిందన్న వరుస. జబ్బు ఎక్కడుందో అప్పటికి తేలింది. ఎందుకన్నదే తేలాలి.

ఈ ఎర్రర్ వచ్చిన వాళ్లకు లినక్స్ (ఈ సర్వర్ నడిచే ఆపరేటింగ్ సిస్టమ్) లోకంలో మొదట చెప్పే చిట్కా ఏపీఎస్‌టీని ఆపమని. పని లేనప్పుడు ఎస్‌ఎస్‌డీ తనంతట తాను నిద్రలోకి జారుకునే ఏర్పాటు అది. కొన్ని డ్రైవ్‌లు ఆ నిద్రలోంచి సరిగ్గా లేవవు. లినక్స్ మూలభాగమైన కెర్నల్‌కు ఒక ఆప్షన్ పెట్టి దాన్ని ఆపేశాను. కరెంటు వాడకం ఒక వాట్ దాకా పెరిగింది, పడిపోవడం మాత్రం ఆగలేదు. అప్పుడు నిమిషానికోసారి ఎస్‌ఎస్‌డీ వేడి చదివి పెన్‌డ్రైవ్ మీద రాసేలా చిన్న స్క్రిప్ట్ పెట్టాను. మర్నాడు చూస్తే విషయం అద్దంలో కనిపించినట్టు కనిపించింది. తెల్లవారుజామున 48 డిగ్రీలు. మధ్యాహ్నం రెండు నుంచి 70 పైన. అమ్మ ఒక పెళ్లికి వెళ్లి తెచ్చిన ఫోటోలన్నీ ఒకేసారి ఎక్కి, ఫోటోలు దాచే ఇమిచ్ అనే సాఫ్ట్‌వేర్ వాటిల్లో ముఖాలు వెతకడం మొదలుపెట్టగానే 78. ఆ తర్వాత వరుసల్లో రీడింగే లేదు. మామూలు ఎస్‌ఎస్‌డీలకు కంపెనీలు రాసే హద్దు 70. మాది పై అంతస్తు, ఏసీ లేనప్పుడు ఆ గదే 38 దాకా కాగుతుంది.

నన్ను నిజంగా బాధపెట్టింది ఆ పెట్టె కట్టిన తీరు. అడుగు రేకు విప్పి చూడండి. ప్రాసెసర్‌కు మాత్రం రాజభోగం: పైనున్న అల్యూమినియం రెక్కల మూతకు నేరుగా ఆనుకుని ఉంటుంది, దాని వేడంతా మూత లాగేస్తుంది. ఎస్‌ఎస్‌డీ బోర్డుకు అడుగువైపున, దేనికీ తగలకుండా, గాలి ఆడని ఇరుకులో ఉంటుంది. ప్రాసెసర్ 105 డిగ్రీల వరకు తట్టుకుంటుంది, అంతకుముందే తనే వేగం తగ్గించుకుంటుంది. పాపం ఎస్‌ఎస్‌డీకి అంత ఓర్పు లేదు. పైగా పెట్టెతో పాటు ఇచ్చినది ఊరూ పేరూ లేని ముక్క. ఫ్యాన్ లేదని గొప్పగా అమ్ముకునేవాళ్లు ఒక థర్మల్ ప్యాడ్ (వేడిని అవతలికి చేరవేసే మెత్తని పట్టీ) ముక్క వేసి ఆ వేడిని అడుగు రేకుకు అందించి ఉంటే సరిపోయేది. ఖర్చు పదుల రూపాయల్లో ఉంటుంది. ఈ విషయంలో నా కోపం ఇంకా తగ్గలేదు.

ఎస్‌ఎస్‌డీ మార్చి పేరున్నది వేశాను, దానికీ అడుగు రేకుకూ మధ్య ప్యాడ్ పెట్టాను. పెట్టెను బల్ల మీద పడుకోబెట్టకుండా రెక్కలు నిలువుగా ఉండేలా నిలబెట్టాను, వేడి గాలి పైకి పోవడానికి దారి దొరికింది. బయోస్‌లో (పీసీ ఆన్ కాగానే మొదట నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్) పీఎల్1 అనే ప్రాసెసర్ పవర్ హద్దు తయారీదారు బాగా ఎత్తులో పెట్టి పంపాడు, దాన్ని 10 వాట్లకు దించాను. ఇమిచ్ బరువు పనులన్నీ రాత్రి రెండు తర్వాతకు మార్చాను. వీటితో పది డిగ్రీలకు పైగానే తగ్గింది. అయినా ఏప్రిల్ నుంచి జూన్ వరకు యూఎస్‌బీతో నడిచే 120 ఎంఎం ఫ్యాన్ ఒకటి నెమ్మదిగా తిప్పుతున్నాను. దగ్గర చెవి పెడితే తప్ప వినపడదు, పైగా సీలింగ్ ఫ్యాన్ తిరిగే రోజులు కాబట్టి అమ్మకు తెలియదు. కాబట్టి "అసలు ఫ్యాన్ అక్కర్లేదు" అని మా తమ్ముడికి మొదట్లో చెప్పిన మాటను ఇప్పుడు చెప్పేటప్పుడు "చలికాలంలో, వానాకాలంలో" అని కలుపుతున్నాను.

నిశ్శబ్దానికి ఇంకో షరతు ఉంది. 3.5 అంగుళాల హార్డ్ డిస్క్ తగిలించారంటే ఫ్యాన్ లేకపోయినా లాభం లేదు. తిరుగుతున్నంతసేపూ అదొక్కటే నాలుగైదు వాట్లు తింటుంది, దాని అదురు చెక్క అలమరలోకి పాకి జుమ్మంటుంది. నా దాంట్లో ఫోటోలూ పాటలూ ఎస్‌ఎస్‌డీ మీద, బ్యాకప్ డిస్క్ హాల్లో, రోజుకోసారి మాత్రమే లేస్తుంది. పది టెరాబైట్ల సినిమాలు దాచుకునే వాళ్లకు ఈ పద్ధతి కుదరదు.

అనుకోకుండా కలిసొచ్చింది 12 వోల్టుల ఇన్‌పుట్. రౌటర్‌కు పెట్టే చిన్న డీసీ యూపీఎస్‌లే దీనికీ సరిపోతాయి, ప్లగ్ సైజు, ఎన్ని ఆంపియర్లు ఇస్తుందన్నది చూసుకుంటే చాలు. కరెంటు పోయి వచ్చే ఆ పది, పదిహేను నిమిషాలూ సర్వర్ తొణకదు. ఎక్కువసేపు పోతే ఆగిపోతుంది గానీ, బయోస్‌లో కరెంటు రాగానే ఆన్ అయ్యే ఆప్షన్ పెట్టాను కాబట్టి ఊళ్లో లేనప్పుడు టెన్షన్ లేదు.

అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై 5 అనే చిన్న బోర్డు కంప్యూటర్ తీసుకోవచ్చుగా అని చాలామంది అడుగుతారు. అడాప్టరు, కేసు, ఎస్‌ఎస్‌డీ తగిలించే హ్యాట్ అనే అదనపు బోర్డు అన్నీ కలిపేసరికి ఖర్చు దగ్గరదగ్గరగా వస్తుంది. పైగా అందులో వీడియో ఎన్‌కోడర్ హార్డ్‌వేర్ లేదు. పెళ్లి వీడియోలను ఊళ్లోని పెద్దమ్మ వాళ్ల ఫోన్‌కు తగ్గ సైజులో అప్పటికప్పుడు మార్చి పంపడం ఎన్‌100లోని క్విక్ సింక్ అనే వీడియో ఎన్‌కోడర్‌కు చిటికెలో పని. మీకు వీడియోల పని లేకపోతే ఈ మాట లెక్కలోకి తీసుకోకండి.

నా పరిస్థితి వేరు: పడకగది, కోడినిద్ర పట్టే అమ్మ, పై అంతస్తు, తక్కువ డేటా. సర్వర్ హాల్లోనో స్టోర్‌రూమ్‌లోనో పెట్టే వీలుంటే ఆఫీసుల నుంచి వచ్చే సెకండ్‌హ్యాండ్ లీటరు సైజు (సుమారు ఒక లీటరు ఘనపరిమాణం ఉండే) పీసీలు, ఇంటెల్ 8వ తరం ఐ5 ప్రాసెసర్లలో తక్కువ కరెంటు తినే టీ రకం ఉన్నవి, ముందు చూడమంటాను. వాటికి చిన్న ఫ్యాన్ ఉంటుంది గానీ మామూలు పనిలో గట్టిగా అరవదు, ఎండాకాలాన్ని ఇంకా బాగా తట్టుకుంటాయి. కింది అంతస్తులో, ఎండ తగలని గదిలో ఉన్నవాళ్లకైతే ఎన్‌100 ధైర్యంగా చెప్తాను. కొన్న రోజే అడుగు రేకు విప్పి ఎస్‌ఎస్‌డీ దేనికి ఆనుకుని ఉందో చూడండి.