సముద్రం సంపాదన లెక్క: ప్రభుత్వ పట్టికలా, ఊరూరా సర్వేనా?

విశాఖ, కాకినాడ తీరాల్లో సముద్రం మీద బతికే పనుల విలువెంత? తేల్చడానికి దారులు రెండు: ప్రభుత్వం అచ్చువేసే ఉత్పత్తి లెక్కల పట్టికలు చూడటం, లేదా ఊరూరా తిరిగి సర్వే చేయడం.

ఖర్చు: పట్టికలు ఇప్పటికే అచ్చయి ఉంటాయి. సర్వేకి మనుషులు, నెలలు, డబ్బు కావాలి.

శ్రమ: పట్టికలకు గణకులు చాలు. సర్వేకి తెల్లవారకముందే రేవులో నిలబడేవాళ్లు కావాలి.

పొరపాటు: అసలు చిక్కు ఇక్కడే. రాష్ట్ర స్థూల ఉత్పత్తి (ఏడాదిలో రాష్ట్రంలో జరిగిన ఉత్పత్తి మొత్తం విలువ) లెక్కల్లో చేపల వేట, ఆక్వాకల్చర్ ఒకే వరస. భీమవరం చెరువు రొయ్యా, విశాఖ హార్బర్లో దిగిన వంజరమూ అందులోనే కలిసిపోతాయి. ఓడరేవు పని రవాణా ఖాతాలోకి, బీచ్ పక్క హోటల్ హోటళ్ల ఖాతాలోకి పోతాయి. తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి చేపలమ్మే ఆవిడ సంపాదన విడిగా ఎక్కడా కనబడదు. నాకిది చిన్న లోపంగా అనిపించదు. సర్వే ఆమెను చూడగలదు. అయితే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం. ఆ 61 రోజుల్లో మాత్రమే అడిగితే లెక్క తప్పుతుంది, వేట సాగే నెలల్లోనూ అడగాలి.

ఏటేటా పెరుగుదల చూడాలన్నా, రాష్ట్రాలను పోల్చాలన్నా పట్టికలే మేలు. కొత్త రేవు కట్టేముందు, తుపాను పరిహారం తేల్చేటప్పుడు మాత్రం సర్వే చేయాల్సిందే.