సౌండు ఆపేసిన టీవీ, వినిపెట్టే ఫోన్: చదవడం నేర్పడంలో మా బడి పరికరాలు

చిన్నపిల్లలకు తెలుగు చదవడం నేర్పడానికి టీవీ, ట్యాబ్, ఫోన్ ఏ మేరకు పనికొస్తాయని తోటి టీచర్లు అడుగుతుంటారు. మాది కోనసీమలో గోదావరి గౌతమి పాయ పక్కన లంక ఊరి ప్రాథమిక బడి. ఇద్దరం టీచర్లం, ఐదు తరగతులు. ఈ మూడింటినీ కొన్నేళ్లుగా వాడుతున్నాను. కొత్తలో అన్నీ బాగానే కనిపిస్తాయి. వానాకాలాలు దాటి, పిల్లలకు మోజు తీరాక ఏది నిలిచిందో చెప్పాలని రాస్తున్నాను.

నా తీర్పు ముందే చెబుతాను. పిల్లలు నోరు తెరిచి చదివే సమయాన్ని పెంచిన వస్తువు పనికొచ్చింది. తానే మాట్లాడుతూ పిల్లల్ని ఊరికే కూర్చోబెట్టిన వస్తువు, ఎంత ఖరీదైనదైనా, చదువు నేర్పలేదు.

గోడకున్న స్మార్ట్ టీవీనే చూడండి. పాఠం వీడియో పెడితే పిల్లలు కళ్లార్పకుండా చూస్తారు. అయిపోయాక అదే పేరా పుస్తకంలో చదవమంటే, విన్నది గుర్తున్నంత మేర గడగడా అప్పజెప్పి ఆగిపోతారు. వేలు ఒక మాట మీద ఉంటుంది, నోరు ఇంకో మాట పలుకుతుంటుంది. అందుకని చదువు పీరియడ్‌లో టీవీ సౌండు తీసేస్తాను. బొమ్మ, దాని కింద రెండు మూడు వాక్యాలు మాత్రం తెర మీద ఉంచుతాను. కర్రతో మాట మాటా చూపిస్తుంటే క్లాసంతా కలిసి చదువుతుంది, తర్వాత వరసకొకరు, ఆఖర్న ఒక్కొక్కరు. పాతికమంది పిల్లలకు ఒకే పెద్ద అక్షరం ఒకేసారి కనిపించడం మా నల్లబల్ల మీద కుదరదు. అంత పొడుగు పేరా రోజూ రాసి చెరపడానికి టీచరుకు తీరిక ఉండదు. టీవీ ఆ పని తీర్చింది. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌తో ప్రభుత్వ దీక్ష యాప్‌లోకి దించుకున్న పాఠాలు నెట్ లేకపోయినా తెరుచుకుంటాయి. సిగ్నల్ వచ్చిపోయే మాలాంటి ఊళ్లకు ఇది చాలా అవసరం.

సౌండు పెట్టే సందర్భం ఒకటే, పాట. పాట వినిపిస్తూ అదే భాషలో చరణం అక్షరాలు కింద చూపించడం, పాడుతున్న మాట రంగు మారడం. 1996లో అహ్మదాబాద్ ఐఐఎంలో బ్రిజ్ కొఠారీ మొదలుపెట్టిన ఆలోచన ఇది. టీవీ పాటల కింద అదే భాషలో అక్షరాలు వేస్తే, చూసేవాళ్ల కన్ను తనంతట తానే అటు వెళ్తుందన్నది అందులోని కిటుకు. మా పిల్లల విషయంలో ఇది నిజమే. అయితే మొదటి చరణం సౌండుతో పాడించి, రెండోసారి సౌండు తీసేసి అక్షరాలు మాత్రమే చూపిస్తాను. అప్పుడు ఎవరు చదువుతున్నారో, ఎవరు పక్కవాళ్ల నోరు చూసి పాడుతున్నారో నాకు తెలిసిపోతుంది.

కథల కోసం ఎక్కువగా ఆధారపడింది ప్రథమ్ బుక్స్ వాళ్ల పిల్లల కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్ మీద. 2015లో మొదలైంది, ఉచితం. కథలకు మెట్లుంటాయి: మొదటి మెట్టులో పేజీకి ఒకటి రెండు చిన్న వాక్యాలు, పైకి వెళ్లేకొద్దీ పొడుగు. ఏ కథైనా దించుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు, పేరు చెప్పి మార్చుకోవచ్చు కూడా. అందుకే మా పిల్లలకు తెలియని మాటల చోట తెలిసినవి పెట్టి వాడుకుంటాను. మంచు పడే ఊరి కథ కన్నా రేవు, పంటు (బళ్లను ఏరు దాటించే పడవ), రొయ్యల చెరువు ఉన్న కథను పిల్ల రెండోసారి, మూడోసారి తనే అడిగి చదువుతుంది.

ఫాంటు సంగతి చాలామంది పట్టించుకోరు కాబట్టి చెబుతున్నాను. గుణింతాలు వచ్చిన పిల్ల వత్తుల దగ్గర తడబడే దశలో అక్షరం ఆకారం చాలా ముఖ్యం. కొన్ని ఫోన్లలో, టీవీల్లో వత్తు మరీ చిన్నదిగా, పైఅక్షరానికి అతుక్కుని కనిపిస్తుంది. క్రావడి (ర వత్తు) ఉందో లేదో నాకే పోల్చుకోవడం కష్టం. సిలికానాంధ్ర ఉచితంగా ఇచ్చిన మండలి ఫాంటులో వత్తులు స్పష్టంగా ఉంటాయి. నేను తయారుచేసే పేజీలన్నీ అందులోనే, వాక్యాల మధ్య బాగా ఖాళీ వదిలి పెడతాను.

ఇక పిల్ల చదువుతుంటే విని, తప్పుపోయిన మాట చూపించే యాప్. ఇలాంటివి ఒకటి కన్నా ఎక్కువ వాడాను, పేర్లు అక్కర్లేదు. సరిగ్గా చదివితే మాట రంగు మారుతుంది, రాకపోతే ఆ మాట మీద నొక్కితే పలికి వినిపిస్తుంది, చివర్లో చుక్కలు ఇస్తుంది. సిగ్గుపడే పిల్లలకు దీనివల్ల చాలా మేలు జరిగింది. క్లాసులో లేచి నిలబడితే గొంతు పెగలని ఒక మూడో తరగతి పిల్ల, వరండాలో స్తంభం చాటున ఫోన్ ముందు పేరా మొత్తం చదివింది. యాప్ విసుక్కోదు, నవ్వదు, గంట కొట్టారని వెళ్లిపోదు.

కానీ ఎక్కువకాలం వాడితేనే లోపాలు బయటపడతాయి. క్లాసులో పది గొంతులు ఒకేసారి లేస్తే పక్కపిల్ల చదివింది కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. మైకు ఉన్న ఇయర్‌ఫోన్లు, దూరంగా ఒక మూల తప్పనిసరి. మా వైపు పిల్లలు "వెళ్లాడు" అన్నది "ఎల్లాడు" అని పలుకుతారు. చదవడం తప్పు కాదు, పలుకుబడి అంతే. యాప్ ఒకసారి ఒప్పుకుంటుంది, ఒకసారి ఎర్రగా చూపిస్తుంది. సరిగ్గా చదివినా తప్పంటే పిల్ల ముఖం చిన్నబోతుంది. ఇంకో పక్క, "వెళ్తాడు" అని ఉన్నచోట "వెళ్లాడు" అని ఊహించి చదివేసినా చుక్క ఇచ్చేస్తుంది. మాట మొదలు చూసి చివర ఊహించే అలవాటు తెలుగులో ప్రమాదం. ఎవరు, ఎప్పుడు, ఎంతమంది అన్న అర్థమంతా మాట చివరే ఉంటుంది కదా.

టైమర్ ఉన్న యాప్‌లతో టెన్షన్ ఇంకోటి. 2021 జూలైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం నిపుణ్ భారత్ లక్ష్యం ప్రకారం మూడో తరగతి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి. లక్ష్యం ఉండటం మంచిదే. అయితే తెలుగులో "వెళ్లిపోతున్నారనుకున్నాడు" అన్నది పది అక్షరాలున్నా ఒకే పదం. గడియారం తిరుగుతుంటే పిల్లలు అర్థం వదిలేసి పరుగెత్తుతారు. టైమర్‌ను సెట్టింగుల్లో ఆపేయడం కుదిరితేనే ఆ యాప్ మా ఫోన్లో ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చింది ఏ యాపూ కాదు, ఫోన్లో మామూలుగా ఉండే వాయిస్ రికార్డర్. పిల్ల ఒక పేజీ చదువుతుంది, రికార్డు చేస్తాను, వెంటనే పుస్తకం ముందు పెట్టి వినిపిస్తాను. "టీచర్ గారండీ, ఇక్కడ తప్పు చదివానండీ" అని తనే వేలు పెట్టి చూపిస్తుంది. ఎవరూ చెప్పకుండానే మళ్లీ చదువుతానంటుంది. ఒకే పేజీని పట్టుబట్టి నాలుగుసార్లు చదివించడం మామూలుగా ఎంత కష్టమో టీచర్లకు తెలుసు. తన గొంతు బాగా రావాలన్న కోరికతో అది సులువుగా జరిగిపోతుంది.

మా ఊళ్లో చాలామంది తల్లులు కువైట్, మస్కట్‌లలో ఇంటిపనులకు వెళ్లారు. పిల్లలు అమ్మమ్మల దగ్గర ఉంటారు. ఇంట్లో అడిగి, ఒప్పుకున్నవాళ్ల రికార్డింగులు వాట్సాప్‌లో తల్లికి మాత్రమే పంపుతాను, ఊరి గ్రూపుల్లో పెట్టను. ఒక తల్లి నుంచి వచ్చిన జవాబు: "బంగారం, బాగా చదివావమ్మా. ఆ కప్ప తర్వాత ఏమైందో చెప్పలేదేంటే? మిగతాది కూడా చదివి పంపు." మర్నాడు ఆ పిల్ల బడి తెరవకముందే గేటు దగ్గర ఉంది, మిగతా కథ కోసం. చదవడానికి ఇంతకన్నా పెద్ద కారణాన్ని ఏ యాపూ పిల్లలకు ఇవ్వలేదు. వినేవాళ్లకు తర్వాత ఏం జరిగిందో నిజంగా తెలుసుకోవాలని ఉండాలి.

అక్షరాలు దిద్దించే ట్యాబ్ యాప్‌లను మాత్రం నేను పక్కన పెట్టేశాను. గాజు మీద వేలు జారిపోతుంది, గీత ఎటు నుంచి మొదలుపెట్టినా ఒప్పుకుంటుంది. పలక, బలపమే నయం. వినే యాప్‌లకు కూడా ఇక్కడ ఒక హద్దు ఉంది. మా పిల్లల నోట "ద"కు, "ధ"కు తేడా తక్కువ. పైకి చదివినప్పుడు ఏ పొరపాటూ కనిపించదు, డిక్టేషన్ చెబితే బయటపడుతుంది. అందుకే చదివిన పేజీలోంచి రోజూ ఐదారు మాటలు పలక మీద రాయిస్తాను.

ఎవరికి ఏ పరికరం అన్నది తరగతిని బట్టి నిర్ణయించను. అక్షరం, పదం, పేరా, కథ: పిల్లలు ఎంతవరకు చదవగలరో ఇంటింటికీ వెళ్లి చూసే ప్రథమ్ వాళ్ల అసర్ సర్వేలోని ఈ మెట్లనే చూస్తాను. అక్షరం మెట్టు మీద ఉన్నవాళ్లు, ఐదో తరగతి అయినా సరే, నా పక్కనే కూర్చుంటారు. వాళ్లకు ఫోన్ ఇస్తే బొమ్మలు చూస్తారు తప్ప చదవరు. పదం నుంచి పేరాకు ఎక్కుతున్నవాళ్లకు వినే యాప్. పేరా దాటినవాళ్లకు రికార్డర్, ప్రింటు కథలు.

సంరక్షణ గురించి క్లుప్తంగా. ఉప్పు గాలికి ప్లగ్గు పిన్నులు చిలుమెక్కుతాయి, పొడిగుడ్డతో తుడుస్తుండాలి. ట్యాబులు వానాకాలంలో గాలి చొరని డబ్బాలో ఉండాలి. వరద హెచ్చరిక రాగానే టీవీ కనెక్షన్ తీసేసి, పరికరాలన్నీ మేడ ఉన్న ఇంటికి చేర్చాలి. కరెంటు పోతుందని తెలుసు కాబట్టి ఆ రోజు పేజీ ప్రింటు కాపీ ఎప్పుడూ బల్ల మీద ఉంటుంది.

ఇంటి దగ్గర వాడకం గురించి ఒక అమ్మమ్మ మాట చెప్పాలి. "టీచరమ్మ గారండీ, ఫోనిత్తే చదువు పక్కనెట్టేసి వీడియోలు చూత్తందండీ." ఆవిడ చెప్పింది నిజం. అందుకే ఇంటికి యాప్ బదులు కాగితం పంపుతున్నాను. పిల్లలు చెప్పిన కథలను వాయిస్ టైపింగ్‌తో ఎక్కించి, తప్పులు దిద్ది, పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి దారంతో కుడతాం. తాత పంటు మీద బండి ఎక్కించిన కథ, వరదలో గేదెను గట్టెక్కించిన కథ, రొయ్యల చెరువు దగ్గర కుక్క కథ. ఆ పిల్ల ఇంట్లోవాళ్లకు వినిపించి వచ్చాక పుస్తకం పక్కింటికి వెళ్తుంది.

మా ఊరి నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు కొందరు బడికి ఇంకొన్ని ట్యాబులు కొనిస్తామన్నారు. వద్దని, ఇంకు ట్యాంకు ఉండే ప్రింటర్, ఏడాదికి సరిపడా కాగితం, మైకు ఉన్న ఇయర్‌ఫోన్లు నాలుగు జతలు అడిగాను. మీ బడికి ఎవరైనా ఏదైనా ఇస్తామంటే మీరూ ముందు ఇవే అడగండి. టీవీ లేకపోతే దాన్ని రెండో విడతలో చూసుకోవచ్చు.