సిగ్నల్ యూజర్‌నేమ్: మారుపేరుకు భేష్, అజ్ఞాతానికి చాలదు

నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ల మీదో, ఇసుక దందా మీదో మారుపేరుతో రాసేవాళ్లు పాఠకులతో మాట్లాడాలంటే 2024లో సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ తెచ్చిన యూజర్‌నేమ్ సౌకర్యం నిజంగా అక్కరకొస్తుంది. పాఠకులకు ఫోన్ నంబర్ ఇవ్వనక్కర్లేదు, యూజర్‌నేమ్ చెబితే చాలు.

సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో ఫోన్ నంబర్ తెరవండి. నంబర్ ఎవరికి కనబడాలి, నంబర్‌తో ఎవరు వెతకొచ్చు అన్న రెండింటికీ ‘నోబడీ’ పెట్టాలి. చాలామంది రెండోది మరిచిపోతారు. అప్పుడు నంబర్ తెలిసినవాళ్లెవరైనా ఖాతా పట్టేస్తారు. యూజర్‌నేమ్ చివర కనీసం రెండు అంకెలుండాలి, పుట్టిన సంవత్సరం మాత్రం వద్దు. ప్రొఫైల్ పేరు వేరే ఉంటుంది, అదీ మార్చాలి. మీ నంబర్ ముందే సేవ్ చేసుకున్నవాళ్లకు అది కనబడుతూనే ఉంటుంది.

మారుపేరంటే మనిషి చాటున ఉన్నా పేరు నిలకడగా ఉండటం. నిన్నటి మాట, నేటి మాట ఒకరివేనని పాఠకులకు తెలుస్తుంది, నమ్మకం కుదురుతుంది. అజ్ఞాతంలో ఆ ఆనవాలే ఉండదు. సిగ్నల్‌లో ఖాతా తెరవాలంటే మాత్రం నంబర్ కావాలి, మన దగ్గర సిమ్ గుర్తింపు కార్డు మీదే వస్తుంది. అందుకే ఆఫీసు కాగితాలు బయటపెట్టేవాళ్లు యూజర్‌నేమ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఫొటోలో వెనక నల్లగొండలోని లతీఫ్‌సాబ్ గుట్ట కనబడినా ఊరు తెలిసిపోయినట్టే.