నూనె అయిపోయాక వెలిగే దీపం

ఏ దీపమైనా నూనె ఉన్నంతసేపు వెలుగుతుంది, అయిపోతే కొండెక్కుతుంది. నా కారు డ్యాష్‌బోర్డులో ఉన్న ఎర్ర దీపానిది తిరకాసు లెక్క. అది నూనె అయిపోయాకే వెలుగుతుంది. పదిహేనేళ్లు దాటింది ఈ బండి కొని. ఇన్నేళ్లలో నాకు మిగిలిన కోపమంతా ఆ దీపం మీదే.

2010 నాటి పెట్రోల్ బండి, చిన్న కారు. మైలేజీ, ఏసీ, సీట్ల గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు, మీ వీధిలోనూ ఒకటి ఉండే ఉంటుంది. మీటరు లక్షా డెబ్బై వేలు దాటింది. అందులో అరవై వేల దాకా ఒంగోలు నుంచి పొదిలి దగ్గరి మా బడికి తిరిగినవే. 2014 నుంచి 2022 దాకా ముగ్గురు టీచర్లం వంతులేసుకుని వెళ్లేవాళ్లం, వారానికి రెండు రోజులు నా కారు. దారిలో చీమకుర్తి. గ్రానైట్ రాళ్లు మోసుకుపోయే లారీల వెనక పడితే ముందేముందో కనపడదు. అయినా బండి ఒక్కరోజు కూడా దారిలో ఆపలేదు. నేనూ దాన్ని బాగానే చూసుకున్నాను. ముఖ్యంగా ఎయిర్ ఫిల్టర్. నెలకోసారి పంక్చర్ షాపులో గాలి కొట్టించి దుమ్మంతా దులిపించేవాణ్ణి. ఆ సంగతి తోటి టీచర్లకు గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా.

బండి ఇంజన్ ఆయిల్ తాగడం ఎప్పుడు మొదలైందో కచ్చితంగా చెప్పలేను. మొదట్లో సర్వీసుకూ సర్వీసుకూ మధ్య ఒక లీటరు తగ్గేది. పాత బండి కదా, మామూలే అనుకున్నా. తర్వాత పొద్దున్నే స్టార్ట్ చేయగానే సైలెన్సర్‌లోంచి నీలం పొగ ఒక్క గుప్పెడు వచ్చి ఆగిపోయేది. ఎదురింటాయన దోమల మందు కొడుతున్నారా మాష్టారూ అని నవ్వేవాడు. 2023కి వచ్చేసరికి ఆరు వందల కిలోమీటర్లకు లీటరు. డిక్కీలో స్టెప్నీ పక్కన ఆయిల్ డబ్బా ఒకటి కాపురం పెట్టింది.

ఆ ఏడాది కార్తీక మాసంలో శ్రీశైలం వెళ్లాం. నేను, మా ఆవిడ, మా చిన్నోడు, వెనక సీట్లో అత్తయ్య. బయల్దేరే ముందు టైర్లలో గాలి చూశా, రేడియేటర్లో నీళ్లు చూశా. ఇంజన్లో ఆయిల్ ఎంతుందో చూపించే గేజి పుల్ల మాత్రం తీసి చూడలేదు. పది రోజుల కిందటే పోశానన్న ధీమా. పైగా సామాన్లు పట్టడం లేదని ఆయిల్ డబ్బా తీసి ఇంట్లో పెట్టాను. గుడి దగ్గర మా ఆవిడ 365 వత్తుల దీపం వెలిగించింది. దర్శనం ఆలస్యమై సాయంత్రం ఆరింటికి తిరుగు ప్రయాణం. దోర్నాల వైపు అడవి గేటు రాత్రి తొమ్మిదికి వేసేస్తారు కాబట్టి కాస్త తొందరలోనే ఉన్నాను.

ఘాట్ దిగేటప్పుడు అందరిలాగే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి సెకండ్ గేరులో దించుతున్నా. వెనకొచ్చిన బైకు అబ్బాయి ఒకడు దాటిపోతూ చెయ్యి ఊపి సైలెన్సర్ వైపు చూపించాడు. సరేలే అన్నట్టు తలూపాను. ఆ తర్వాత ఒక పెద్ద మలుపులో మా ఆవిడ అడిగింది.

"ఏవండీ, ఆ ఎర్రదేంది, వెలిగి ఆరిపోతా ఉంది?"

"వైరు లూజై ఉంటుందిలే."

నిజంగా అలాగే అనుకున్నాను. మలుపు తిరిగితే వెలుగుతుంది, తిన్నటి రోడ్డు రాగానే ఆరిపోతుంది. కుడి మలుపుకు ఒక రకం, ఎడమ మలుపుకు ఇంకో రకం. వైరు కాకపోతే ఇంకేంటి? నాలుగైదు మలుపులు పోయాక గుండెలో రాయి పడింది. అడుగున కాసింత ఆయిలే మిగిలితే మలుపులో అదంతా ఒక పక్కకు పోతుంది. పంపు నోటికి ఆయిల్ బదులు గాలి దొరుకుతుంది, ఒత్తిడి పడిపోతుంది, దీపం వెలుగుతుంది. తిన్నటి దారిలో ఆయిల్ మళ్లీ నడిమికి చేరుతుంది, దీపం ఆరుతుంది. అది వైరు కాదు, ఇంజన్ ఎగశ్వాస.

రోడ్డు కాస్త వెడల్పుగా ఉన్నచోట ఆపి, అయిదు నిమిషాలాగి బానెట్ ఎత్తాను. ఫోన్ లైటు మా చిన్నోడు పట్టుకున్నాడు. గేజి తీసి తువ్వాలుతో తుడిచి, మళ్లీ ముంచి తీశాను. కొసన చీమ తలకాయంత తడి. పై గీత సంగతి అటుంచండి, కింది గీతకు కూడా చాలా కిందన. అత్తయ్య కిటికీలోంచి ఏమైందని అడిగింది. ఇంజన్లో నూనె అయిపోయింది, అందుకే ఆ దీపం వెలుగుతోందని చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి అంది.

"నూనె అయిపోతే దీపం ఆరిపోవాల గదా నాయనా, వెలుగుతుందేంది?"

పైన మొదట్లో రాసిన మాట ఆవిడదే.

ఇంజన్ ఆపేసి న్యూట్రల్‌లో దొర్లించుకుపోదామని ఒక వెధవ ఆలోచన వచ్చింది. ఇంజన్ ఆగితే బ్రేకుకు బలం ఉండదు, స్టీరింగ్ బండరాయి అవుతుంది. ఘాట్లో ఆ పని చేస్తే ఇంజన్ కాదు, మనుషులే మిగలరు. ఇరవై స్పీడులో, మలుపు మలుపుకూ నడకలాగా తిప్పుకుంటూ, కళ్లు సగం రోడ్డు మీద సగం ఆ దీపం మీద పెట్టుకుని దోర్నాల చేరేసరికి ఎనిమిదీ ముప్పావు. మూసేస్తున్న షాపువాణ్ణి బతిమాలితే లారీలకు పోసే చిక్కటి ఆయిల్, 20డబ్ల్యూ-40, రెండు లీటర్లు ఇచ్చాడు. అది పోశాక గేజిలో సగానికి వచ్చింది. మూడు లీటర్లు పట్టే ఇంజన్, అంటే అప్పటిదాకా నడిచింది లీటరు కూడా లేని ఆయిల్ మీదే.

ఆ దీపం చూసేది ఆయిల్ ఎంత ఉందో కాదు, ఒత్తిడి ఉందా లేదా అన్నదొక్కటే. అది వెలిగేసరికి చెప్పాల్సిన కబురు పాతబడిపోయి ఉంటుంది. పెట్రోల్ తగ్గితే చెప్పే ముల్లు పెట్టినవాళ్లు, ఆయిల్ తగ్గితే చెప్పేది ఒకటి ఎందుకు పెట్టలేదన్నదే నా బాధ.

ఇంటికొచ్చాక అసలు ప్రశ్న. ఇంజన్ కిందికి దించి, విప్పి బాగు చేయించాలా, వద్దా? మా బావమరిది అమ్మేయమన్నాడు. వాడికి ఏదైనా అమ్మేయాలనే ఉంటుంది. ఒక షాపువాళ్లు పాత ఇంజన్ ఎక్కడిదో తెచ్చి ముప్పై అయిదు వేలకు మార్చేస్తామన్నారు. అది ఎంత ఆయిల్ తాగుతుందో ఎవరు చూడొచ్చారు?

మా కారు మెకానిక్ మేస్త్రి మాత్రం దించుదామని మొదటే అనలేదు. ప్లగ్గులు విప్పి వరసగా గుడ్డ మీద పెట్టాడు. మూడోది నల్లగా జిడ్డు కారుతోంది. తర్వాత ప్లగ్గు రంధ్రంలో ఒత్తిడి కొలిచే మీటరు బిగించి కంప్రెషన్ చూశాడు, అంటే ఒక్కో సిలిండరు గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో. ఒకటి, రెండు నూట యాభై దాకా వచ్చాయి. నాలుగోది నూట పాతిక. మూడోది నూట అయిదు. దానిలో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూస్తే నూట నలభైకి లేచింది. వాల్వులు పోతే ఈ చెంచాకు లేవదు, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగితేనే ఆయిల్ సందు మూసి లేస్తుందన్నాడు. అలాగని వాల్వుల పక్కనుంచి ఆయిల్ కారకుండా ఆపే సీల్స్ బాగున్నాయని కాదు, పొద్దున్నే వచ్చే పొగ వాటిదేనట.

తర్వాత ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పాడు. ఫిల్టర్ దాటి ఇంజన్ వైపుండే గొట్టంలో వేలు పెట్టి తీసి నాకు చూపించాడు. వేలి కొసన బూడిద రంగు పొడి.

"ఇదేందో తెలిసిందా మాష్టారూ? చీమకుర్తి."

డబ్బా మూతకుండే క్లిప్పు ఒకటి ఎప్పుడో విరిగింది. దాన్ని బైండింగ్ వైరుతో కట్టిన మొనగాణ్ణి నేనే. మూత ఒక పక్క లేచి ఆ సందులోంచి రాతి దుమ్ము నేరుగా లోపలికి పోయింది. ఆ దుమ్ముకు రింగులేంటి, పిస్టన్ ఆడే బోరు కూడా అరుగుతుంది. అంతేకాదు, గట్టిగా గాలి కొడితే ఫిల్టర్ కాగితం చిల్లులు పడుతుందట. నెలనెలా చేయించానని చెప్పుకున్న సేవ అది.

ఇంజన్ దించి కొత్త రింగులు వేసే సగం ఇంజన్ పని అంటే నలభై ఎనిమిది వేలు చెప్పాడు. బోరు కోడిగుడ్డులా అరిగి ఉంటే కొత్త రింగులు వేసినా పట్టవు, లేత్‌కు పంపి బోరింగ్ చేయించి పెద్ద సైజు పిస్టన్లు వేయాలి, అప్పుడు డెబ్బై దాటొచ్చు, దించితే గానీ చెప్పలేనన్నాడు. బండి అమ్మితే వచ్చేది ఎనభై తొంభై వేలు. 2022లో బదిలీ అయ్యాక నా బడి కొత్తపట్నం వైపు, నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే ఎక్కువ. పోసే ఆయిల్ ఏడాదికి ఎనిమిది వేల రూపాయలది. పెట్టిన డబ్బు ఆయిల్ మిగులులో తిరిగి రావాలంటే ఆరేళ్లు. నేనే ఆరేళ్లలో రిటైరవుతాను.

అందుకని దించలేదు. సగానికి సగం పని చేయించాను. హెడ్ కూడా విప్పకుండా, ప్లగ్గు రంధ్రంలోంచి గాలి పట్టించి వాల్వులు కిందికి జారకుండా నిలబెట్టి సీల్స్ మార్చాడు. మార్చిన పాత సీల్ నా చేతిలో పెట్టాడు, రబ్బరు కాదు, ఎండిన ఉసిరి గింజలా ఉంది. ఇంజన్ అడుగున చేరే ఆవిరిని మళ్లీ ఇంజన్లోకే పంపే పీసీవీ వాల్వు కొత్తది. ఫిల్టర్ డబ్బా మొత్తం కొత్తది. ఆయిల్ ఒక మెట్టు చిక్కటిది. అంతా కలిపి అయిదు వేల రెండు వందలు.

రెండేళ్లయింది. పొద్దున్నే పొగ లేదు, ఎదురింటాయనకు మాట్లాడ్డానికి ఏమీ దొరకడం లేదు. ఆరు వందలకు తాగే లీటరు ఇప్పుడు పదకొండు వందలకు. 2025లో ఆర్సీ గడువు తీరితే ఫిట్‌నెస్‌కు తీసుకెళ్లాను, పాసైంది. ఆ ఫీజు ఒకటి, 2022 ఏప్రిల్‌కు ముందు 600 ఉండేది, నేను కట్టేనాటికి 5000. కట్టాను, అయిదేళ్లు వచ్చింది.

పదకొండు వందలన్నది ఊళ్లో తిరిగితే. హైవే మీద నెల్లూరు వెళ్లొస్తే, ఎనభై దాటించానంటే, లెక్క ఎనిమిది వందలకు పడిపోతుంది. మూడో ప్లగ్గు ఆర్నెల్లకోసారి విప్పి తుడవాలి. పొగలో పోయే ఆయిల్ సైలెన్సర్ దారిలో ఉండి పొగలోని విషాన్ని తగ్గించే కన్వర్టర్‌ను మెల్లగా పాడుచేస్తుందని మేస్త్రి ముందే చెప్పాడు. అది పోతే నా లెక్కంతా తారుమారు.

రోజూ వంద కిలోమీటర్లు తిరిగేవాళ్లయితే, ఘాట్లు ఎక్కేవాళ్లయితే, బండి ఇంకా పదేళ్లు ఉంచుకోవాలనుకుంటే నా దారి మీకు పనికిరాకపోవచ్చు, దించి చేయించుకోవడమే నయమేమో. నాకు ఇంటికి దగ్గరి బడి, నమ్మకమైన మేస్త్రి, ఆదివారం పొద్దున్నే పది నిమిషాల తీరిక ఉన్నాయి. ఇప్పుడు గేజి తీసి తుడిచే తువ్వాలు డిక్కీలోనే ఉంటుంది, డబ్బా కూడా. ఎన్ని సామాన్లున్నా దాన్ని దించడం లేదు.

మొన్న కార్తీకంలో మా ఆవిడ మళ్లీ శ్రీశైలం వెళ్దామంది. ఆర్టీసీ బస్సుకు టిక్కెట్లు తీశాను.