నక్షత్రం లేని ప్రశ్నకి మూడున్నర నక్షత్రాలు

మండలాఫీసు ఎదురుగా నాది జిరాక్స్, డీటీపీ షాపు. "దివ్య సముఖమునకు వ్రాసుకొన్న విన్నపము" అన్న ముక్క నిద్రలో కూడా తప్పుల్లేకుండా కొట్టగలను, ఈ పన్నెండేళ్ళలో అన్ని అర్జీలు టైప్ చేశాను. సోమవారం గ్రీవెన్స్ కాగితాలు, సమాచార హక్కు దరఖాస్తులు, టోల్ ఫ్రీ నంబర్‌కి చేసిన ఫిర్యాదుల స్క్రీన్‌షాట్లు, జనం వాడే సర్వీసులన్నీ నా కౌంటర్ మీదుగానే వెళ్తాయి. వాటిలో ఎవరూ పెద్దగా వాడనిది, నేనూ రెండేళ్ళ కిందటి దాకా పట్టించుకోనిది ఒకటుంది: మన ఎమ్మెల్యే చేత అసెంబ్లీలో రాతపూర్వకంగా ప్రశ్న వేయించడం. రెండుసార్లు వాడాను. మొదటిసారి చిత్తుగా ఫెయిలైంది, రెండోసారి పని జరిగింది. ఫోన్ కవర్‌కి కూడా రివ్యూ రాసే జనం దీనికి ఎందుకు రాయరో అర్థం కాక నేనే మొదలుపెడుతున్నా.

తెలియనివాళ్ళ కోసం. సభలో ప్రశ్నలు ముఖ్యంగా రెండు రకాలు. నక్షత్రపు గుర్తు ఉంటే మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేస్తారు, టీవీలో మనం చూసే కేకలూ "అధ్యక్షా"లూ అన్నీ అక్కడివే. గుర్తు లేనిదానికి లిఖితపూర్వక సమాధానం సభ ముందు పెడతారు, అంతే, ఎవరూ లేవరు, ఎవరూ అరవరు. "అని రాజ్యసభలో ఓ ప్రశ్నకు కేంద్ర మంత్రి లిఖితపూర్వక సమాధానమిచ్చారు" అంటూ పేపర్ లోపలి పేజీలో చిన్న వార్త వస్తుంది చూడండి, అది ఈ సరుకే. లోక్‌సభలో రోజుకి నక్షత్రం ఉన్నవి 20, లేనివి 230 దాకా జాబితాకెక్కుతాయి. ఆ 20లో కూడా ప్రశ్నోత్తరాల గంట అయ్యేలోపు మంత్రి నోటి దాకా వచ్చేవి నాలుగైదే, మిగతావాటికీ కాగితం మీదే జవాబు. అంటే అసలు వ్యాపారమంతా కాగితం మీద నడుస్తుంటే మనం షోరూం బయట గాలికి ఊగే బొమ్మని చూస్తూ నిలబడ్డామన్నమాట.

ఇక నా కథ. మా వదినకి అయిదో నెల. మా పట్టణంలో ప్రభుత్వాసుపత్రి ఉంది, అందులో స్కానింగ్ మెషీన్ ఉంది, దాని మీద దుప్పటి కప్పి ఉంది. పువ్వుల దుప్పటి. వెళ్ళిన ప్రతిసారీ "బయట తీయించుకుని రండమ్మా" అనేవాళ్ళు, బయటేమో పన్నెండొందలు. మూడోసారి కూడా అలాగే పంపేసరికి అన్నయ్య "పోనీలేరా, ఎవరితో పెట్టుకుంటాం" అన్నాడు కానీ వదిన ఊరుకోలేదు. "ఆ దుప్పటి ఎవరు ఉతుకుతున్నారో కనుక్కో మరిదీ, ఎప్పుడు చూసినా తళతళలాడుతోంది" అంది.

ఎమ్మెల్యే గారి పీఏ నా పాత కస్టమరే. ఫ్లెక్సీల మేటర్ అంతా నా దగ్గరే కొట్టిస్తాడు. విషయం చెప్తే, "సభలో ప్రశ్న వేయిద్దాం, నువ్వే టైప్ చేసి తీసుకురా" అన్నాడు. అలవాటైన చెయ్యి కదా, అర్జీ భాషలో కొట్టేశాను: "సదరు ఆసుపత్రిలో రోగులు తీవ్ర ఇబ్బందులు పడుతున్న మాట వాస్తవమేనా, అయినచో ప్రభుత్వం తీసుకొంటున్న చర్యలేమిటి?" సంతకం అయింది, వెళ్ళింది, కొన్ని వారాలకి జవాబు వచ్చింది. మొత్తం జవాబు ఇదీ: "అ) లేదండీ. ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు."

నాలుగు మాటలు. ఆ "అండీ" దగ్గర నాకు మండింది. తర్వాత నిదానంగా ఆలోచిస్తే తప్పు వాళ్ళది సగం, నాది సగం అనిపించింది. "ఇబ్బందులు పడుతున్నారా" అని అడిగితే ఏ ఆఫీసైనా "లేదండీ" అనకుండా ఏమంటుంది? ఇబ్బందికి కొలత లేదు. ఖాళీ పోస్టుకి ఉంది.

రెండోసారి రాసేటప్పుడు విశేషణాలన్నీ తీసేశాను. మంజూరైన రేడియాలజిస్టు (స్కానింగ్ చూసే డాక్టరు) పోస్టులెన్ని, ప్రస్తుతం పనిచేస్తున్నవారెందరు, ఖాళీ అయితే ఏ తేదీ నుంచి, గత రెండేళ్ళలో నెలవారీగా తీసిన స్కానింగులెన్ని, ఎప్పటిలోగా భర్తీ చేస్తారు. చివర్లో దుప్పటి సంగతి కూడా ఒక ముక్క పెట్టాను, పీఏ కొట్టేశాడు. అతను చేసింది కరెక్టే, లోక్‌సభ నియమాల్లో అయితే ప్రశ్నలో వాదనలు, ఊహలు, వ్యంగ్యం ఉండకూడదని, మామూలుగా 150 పదాలు దాటకూడదని రాసే ఉంది. వదిన మాట సభకెక్కలేదని నాకు ఇప్పటికీ చిన్న బాధ. ఇంకో బేరం కూడా నడిచింది. "నక్షత్రం లేనిది ఎందుకు తమ్ముడూ, టీవీలో రాదు కదా" అన్నాడు పీఏ. టీవీలో రాకపోతేనే మంత్రి గారికి మాట్లాడే పని ఉండదు, ఉత్త టేబులే వస్తుంది, నాకు కావలసింది టేబులే అని నచ్చజెప్పడానికి రెండు టీలు పట్టాయి.

ఆ తర్వాత జరిగింది చెప్తే మీరు నమ్మరు. సచివాలయం నుంచి శాఖాధిపతికి, అక్కడి నుంచి జిల్లాకి, జిల్లా నుంచి ఆసుపత్రికి ప్రశ్న దిగుతుంది కదా, ఆఫీసుల్లో దాన్ని ఎల్ఏక్యూ (లెజిస్లేటివ్ అసెంబ్లీ క్వశ్చన్) అంటారు, ఆ మూడక్షరాలు చూస్తే గుమాస్తాకి అన్నం సహించదు. ఓ రాత్రి ఎనిమిదిన్నరకి షట్టర్ సగం దించాక ఆసుపత్రి గుమాస్తా గారు పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చారు, ఆఫీసు ప్రింటర్‌లో టోనర్ అయిపోయిందట. పైన ఎర్ర ఇంకుతో "మోస్ట్ అర్జెంట్ - ఎల్ఏక్యూ". ఫైలు తెరిస్తే నా ప్రశ్న. నేను కొట్టిన ప్రశ్నకి జవాబు కూడా నా షాపులోనే ప్రింటవుతోంది!

ఇరవై నాలుగు నెలల టేబుల్. మొదటి పది నెలలకి అంకెలున్నాయి, తర్వాత పద్నాలుగు సున్నాలు, ఒకదాని కింద ఒకటి, ఇడ్లీ రేకుల్లా. ఆయన కాసేపు చూసి, "ఈ సున్నాల బదులు గీతలు పెడితే ఎలా ఉంటుందయ్యా?" అన్నారు. "మీ ఇష్టం సార్, నేను కొట్టేవాణ్ణే" అన్నాను. గీతలు పెట్టాం. నాలుగు కాపీలు తీసుకుని మెట్లు దిగి, బండి స్టార్ట్ చేసి, మళ్ళీ ఆపి వెనక్కి వచ్చారు. "వద్దులే, సభకి వెళ్ళేది. సున్నాలే పెట్టు." సభకి తప్పుడు లెక్క పంపితే సభా హక్కుల ఉల్లంఘన దాకా పోవచ్చు, ఆ భయం అది. ఎన్నో అర్జీలు కొట్టాను కానీ ఒక కాగితం చూసి ఆఫీసు మనిషి అలా వెనక్కి రావడం అంతకుముందు చూడలేదు. (ప్రశ్న నేనే రాశానని ఆయనకి చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది. సారీ సార్.)

జవాబు అలాగే వచ్చింది. మంజూరు ఒకటి, పనిచేస్తున్నవారు లేరు, మెషీన్ పనిచేయు స్థితిలో ఉన్నది, భర్తీ విషయం "పరిశీలనలో ఉంది". ఈ చివరి మాట చూసి చాలామంది నిట్టూరుస్తారు, నిట్టూర్చకండి. పార్లమెంటులో "విషయం పరిశీలనలో ఉంది", "సమాచారం సేకరిస్తున్నాం" లాంటి మాటలు ప్రభుత్వం సభకిచ్చిన హామీల లెక్కలోకి వస్తాయి, వాటిని మూడు నెలల్లో తీర్చాలని నియమం, ఆరా తీయడానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది, మన రాష్ట్రాల సభల్లోనూ ఆ కమిటీలున్నాయి. అందుకని ఆ జవాబు జిరాక్స్ తీసి దాచుకోవాలి, తర్వాతి ప్రశ్నకి అదే పునాది.

"లెక్కలు లేవు" అన్న జవాబు కూడా పనికిరానిదేం కాదు. 2020 సెప్టెంబరులో కొవిడ్ పేరుతో లోక్‌సభ ప్రశ్నోత్తరాల గంటే ఎత్తేశారు, రాతపూర్వక ప్రశ్నలు మాత్రం మిగిలాయి. లాక్‌డౌన్‌లో ఇళ్ళకి వెళ్తూ చనిపోయిన వలస కూలీలెందరు, పరిహారం ఇచ్చారా అని అడిగితే కార్మిక శాఖ అలాంటి లెక్కలు పెట్టలేదంది, కాబట్టి పరిహారం ప్రశ్న ఉత్పన్నం కాదంది. నాకొచ్చిన "ఉత్పన్నం కాదు"కి పెద్దన్న. ఆ రెండు ముక్కల జవాబు దేశమంతా పెద్ద వార్తయింది. నోటితో అడిగి ఉంటే మంత్రి పావుగంట మాట్లాడి అసలు సంగతి మాటల్లో కలిపేసేవాడేమో.

అయితే సమాచార హక్కు ఉండగా ఇదెందుకు అంటారా? నేనూ అదే అనుకునేవాణ్ణి. దానికి పది రూపాయలు, ముప్పై రోజులు, ఇవ్వకపోతే అప్పీలు, మనంతట మనమే వేసుకోవచ్చు, ఎవరి సంతకం కోసమూ గుమ్మం ఎక్కక్కర్లేదు, ఆ విషయంలో అదే మెరుగు. కానీ అది రికార్డులో ఉన్న కాగితం ఇస్తుంది, అంతే. "ఎందుకు ఆలస్యమైంది, ఎప్పటిలోగా చేస్తారు" అంటే అది సమాచారం కిందకి రాదని తిప్పి పంపొచ్చు. సభలో ప్రశ్న మంత్రి పేరు మీద వెళ్తుంది, ఎందుకు అనీ అడగొచ్చు, ఎప్పుడు అనీ అడగొచ్చు. ఇంకో సంగతి, సమాచార హక్కు చట్టం ఎనిమిదో సెక్షన్‌లో ఒక ముచ్చటైన వాక్యం ఉండేది: పార్లమెంటుకి గానీ శాసనసభకి గానీ కాదనలేని సమాచారాన్ని ఏ మనిషికీ కాదనకూడదని. 2023లో తెచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంతో ఆ వాక్యం ఎగిరిపోయింది. ఎమ్మెల్యే అడిగితే వచ్చేది మనం అడిగితే రాని రోజులు పెరిగేట్టున్నాయి, కాబట్టి ఈ దారి తెలిసుండటం మంచిది.

ఇక తిట్లు. డెలివరీ టైం దారుణం. జవాబు పట్టుకుని మా ఊరి విలేకరి ఆ పద్నాలుగు సున్నాల టేబుల్‌ని ఉన్నదున్నట్టు వేశాక, రెండు వారాల్లో డెప్యుటేషన్ మీద డాక్టర్ని పంపారు, కాదనను, కానీ అప్పటికి మా వదినకి పాప పుట్టి బారసాల కూడా అయిపోయింది. సభ అస్తమానూ నడవదు. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు మించకూడదని రాజ్యాంగం 174వ అధికరణం అంటుంది, చాలాచోట్ల ఆ వెసులుబాటుని బాగానే వాడుకుంటారు. దేశం మొత్తమ్మీద శాసనసభలు సగటున ఏడాదికి ఓ ఇరవై రోజులు అటూఇటూగా కూర్చుంటున్నాయి. ఇరవై రోజులు! నా షాపు ఏడాదికి ఇరవై రోజులు తెరిస్తే ఇంటి ఓనరు తాళం వేస్తాడు.

గ్లాస్గోలో ఉండే మా బావతో ఈ మాటంటే నవ్వాడు. అక్కడ స్కాట్లాండ్ పార్లమెంటులో 129 మంది సభ్యులే, రాతపూర్వక ప్రశ్నకి మామూలుగా పది పనిదినాల్లో జవాబు రావాలి, సభ సెలవుల్లో ఉన్నా ప్రశ్న వేయొచ్చు (అప్పుడు గడువు పెరుగుతుంది), ప్రతి ప్రశ్నకీ కొరియర్ ట్రాకింగ్‌లా ఓ నంబర్, ఆ నంబర్ కొడితే ప్రశ్నా జవాబూ ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. వాళ్ళూ తప్పించుకుంటార్లే, "జవాబు తర్వాత ఇస్తాం" అనే జవాబులు అక్కడా ఉన్నాయట. కానీ గడువంటూ ఉంది. మన దగ్గర లోక్‌సభ, రాజ్యసభ సైట్లలో శాఖ పేరుతో, సభ్యుడి పేరుతో వెతుక్కోవచ్చు, బాగానే ఉంటుంది. మా సభ జవాబు మాత్రం నాకు పీఏ వాట్సాప్‌లో పంపిన వంకర ఫొటోగానే అందింది, ఒక మూల అతని బొటనవేలు కూడా పడింది.

రెండో తిట్టు, ఎమ్మెల్యే ఎవరన్న దాని మీద అంతా ఆధారపడటం. మంత్రి అయితే ప్రశ్న వేయడు, జవాబివ్వడమే అతని పని. అధికార పార్టీ అయితే "మనవాళ్ళనే అడగడం బాగుంటుందా" అని మొహమాటం. మీ ఎమ్మెల్యే ఈ రెంటిలో ఏదైనా అయితే ఎమ్మెల్సీలని పట్టుకోండి, మండలిలోనూ ప్రశ్నలుంటాయి. ధర మాత్రం ఉచితం. ఎవరైనా డబ్బడిగితే 2005 డిసెంబరు గుర్తు చేయండి, ప్రశ్నలు వేయడానికి డబ్బు తీసుకుంటూ కెమెరాకి చిక్కి 11 మంది ఎంపీలు పదవులు పోగొట్టుకున్నారు.

స్టార్ల లెక్క: పని చేసినందుకు మూడు. గుమాస్తా గారు బండి ఆపి వెనక్కి వచ్చినందుకు ఒకటి. బారసాలకి కూడా అందనందుకు అర కోత. నాలుగోదాన్లో మిగిలిన అర అలాగే ఉంచాను, మూడున్నర.

డాక్టర్ గారు మంగళవారం, శుక్రవారం వస్తున్నారు. మొన్న శుక్రవారం మా పక్కింటమ్మాయిని తీసుకెళ్తే గదిలో దుప్పటి లేదు, క్యూలో ఇరవై మంది దాకా ఉన్నారు, టోకెన్లు పది గంటలకే అయిపోయాయన్నారు. మిగతా నాలుగు రోజుల సంగతేమిటి, ఆ పరిశీలన ఎంతవరకు వచ్చింది అని ఇంకో ప్రశ్న కొట్టి పెట్టాను, లెక్కపెడితే అరవై ఎనిమిది పదాలు వచ్చింది. సభ ఎప్పుడు పెడతారో పీఏకి కూడా తెలీదట.