లెక్కల తరగతిలో పైథాన్: ఎక్కడ బాగుంటుంది, ఎక్కడ తడబడుతుంది

హైస్కూలు లెక్కలకు ప్రోగ్రామింగ్ జోడించాలనుకునే టీచర్లకు మేం ముందుగా చెప్పేది పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, అదీ దాంతోపాటే వచ్చే ఐడిల్ ఎడిటర్‌లో. ఉచితం. ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే తర్వాత ఇంటర్నెట్ అక్కర్లేదు. తెర మీద తాబేలును నడిపి బొమ్మలు గీసే టర్టిల్, భిన్నాల కోసం ఫ్రాక్షన్స్ అందులోనే ఉంటాయి. లినక్స్‌లో మాత్రం చాలాసార్లు టికింటర్‌ని (తెర మీద విండోలు చూపించే భాగం) విడిగా వేసుకోవాలి. అది లేకపోతే టర్టిల్ పనిచేయదు.

మొదటి పీరియడ్‌కి టర్టిల్‌ని మించింది లేదు. సమబాహు త్రిభుజం గీయమనండి. చాలామంది '100 ముందుకు, 60 డిగ్రీలు ఎడమకు' అని మూడుసార్లు రాస్తారు. త్రిభుజం రాదు, షడ్భుజిలో సగం వస్తుంది. అప్పుడు తొందరపడి సరిదిద్దకండి. తాబేలు తిరిగేది లోపలి కోణం కాదు, బాహ్యకోణం అని పిల్లలే పట్టుకోవాలి. 120 పెట్టగానే బొమ్మ మూసుకుంటుంది. బాహ్యకోణాల మొత్తం 360 ఎందుకవుతుందో అప్పుడు వేరే చెప్పనక్కర్లేదు, తాబేలు ఒక చుట్టు తిరిగి మొదటి దిక్కుకే వచ్చింది కదా. తర్వాత 144 డిగ్రీలతో ఐదుసార్లు తిప్పించండి. నక్షత్రం వస్తుంది. మొత్తం 720, అంటే రెండు చుట్లు. దీని మీద ఇంకో పీరియడ్ పోయినా మంచిదే.

ఒక జాగ్రత్త: పిల్లలు తమ ఫైలుకు టర్టిల్ అనే పేరే పెడతారు. పైథాన్ అసలు మాడ్యూల్‌ని వదిలేసి ఆ ఫైలునే తెచ్చుకుని ఎర్రర్ చూపిస్తుంది. పేరు మారిస్తే చాలు.

తడబాటు ఎక్కువగా గుర్తుల దగ్గరే. ఘాతానికి ** వాడాలి. ^ వాడితే ఎర్రర్ రాదు, తప్పు జవాబు వస్తుంది: 2^3 అంటే 1 అంటుంది. -3**2 అంటే -9, ఎందుకంటే ఘాతం ముందు, రుణ గుర్తు తర్వాత. సైన్‌కి 30 ఇస్తే -0.988 వస్తుంది, అది రేడియన్లు అనుకుంటుంది కాబట్టి. ఇక = గుర్తు. బీజగణితంలో అది సమానత్వం, ఇక్కడ 'ఈ విలువను ఆ పేరులో ఉంచు' అనే ఆజ్ఞ. ఈ తేడా మొదటిరోజే నోటితో చెప్పి, బోర్డు మీద రాసి చూపాలి.

0.1 + 0.2 అడిగితే 0.30000000000000004 వస్తుంది. దీన్ని దాచకండి. అదే కూడికను ఫ్రాక్షన్స్‌తో 1/10 + 2/10 గా చేయిస్తే సరిగ్గా 3/10 వస్తుంది. పదో వంతుకు రెండు ఆధారంగా అంతమయ్యే విస్తరణ లేదన్న పాఠానికి ఇంతకంటే మంచి ప్రవేశం మాకు కనబడలేదు. పెద్ద తరగతుల్లో వర్గ ప్రమేయానికి 1 దగ్గర వాలు కట్టించండి. అంతరం 0.1 అయితే దాదాపు 2.1, 0.01 అయితే దాదాపు 2.01. సరే, ఇంకా తగ్గించుకుంటూ పోయి 10⁻¹⁶ పెడితే? సున్నా! అంత చిన్న సంఖ్యను 1కి కలిపినా యంత్రానికి 1గానే మిగులుతుంది. అవధి అంటే ఏమిటో మాట్లాడటానికి అదే సమయం.

గ్రాఫులకు మాత్రం పైథాన్‌ని సిఫార్సు చేయం. స్లైడర్ జరిపి పరావలయం మారడం చూడాలంటే జియోజీబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్ చాలా మెరుగు.

ఒక్క అభ్యాసానికే సమయముంటే ఇది చేయించండి. సంఖ్య వర్గానికి ఆ సంఖ్యనూ 41నీ కలిపి, వచ్చింది ప్రధాన సంఖ్యో కాదో చూసే లూప్, పది వరుసల్లోపే. 0 నుంచి 39 దాకా అన్నీ ప్రధాన సంఖ్యలే. లూప్ ఏ సంఖ్యల మీద తిరగాలో చెప్పే రేంజ్‌లో చివరి సంఖ్య లెక్కలోకి రాదు కాబట్టి 40 వరకు అని రాసినవాళ్లు 39 దగ్గరే ఆగి, నియమం దొరికిందని సంబరపడతారు. 41 వరకు పెంచమనండి. 40కి 1681 వస్తుంది. ఎందుకు తప్పిందో ఇప్పుడు కంప్యూటర్ పక్కన పెట్టి కాగితం మీద చూపించమనండి: 40×40 + 40 అంటే 40×41, దానికి ఇంకో 41 కలిపితే 41×41.